గరుకుగా ఉంటే ఉన్ని కాదా?

మా పాలమూరు నల్ల ఉన్నిని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది ఒంటికి పనికిరాదు, కాళ్లు తుడుచుకునే పట్టాకైతే బాగుంటుంది" అంది మా అల్లికల బృందంలో ఒకావిడ. ఇది ఎడిన్‌బరాలో మాట. మంచి మనిషే. ఏళ్ల తర్వాత మళ్లీ సూదులు పట్టిన నాకు, రెండు సీదా రెండు ఉల్టా వరస చేతికొచ్చేదాకా పక్కన కూర్చుని చూపించింది కూడా ఆవిడే. అయినా ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

గరుకట! ఆవిడ తొడుక్కున్న హారిస్ ట్వీడ్ కోటు ఏమన్నా పట్టుగుడ్డా? ఔటర్ హెబ్రిడీస్ దీవుల వాళ్లు తమ ఇళ్లలో చేత్తో నేస్తే తప్ప ఆ పేరు పెట్టకూడదని 1993లో బ్రిటన్ పార్లమెంటు చట్టమే చేసింది. ఆ పట్టుదలకు చేతులెత్తి దండం పెడతాను. కానీ వాళ్ల గరుకుకు చట్టం, మా గరుకుకు గడప బయట చోటా?

దక్కనీ గొర్రె ఉన్ని గరుకుగా ఉండబట్టే మా కాపరులు వానలో మంద వెంట నిలబడగలిగారు. కురుమ ఆడవాళ్లు వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి, మగవాళ్లు గుంట మగ్గం మీద గొంగడి నేసేవాళ్లు. రంగు అద్దే పనే లేదు, గొర్రె నలుపే గొంగడి నలుపు. గద్దర్ భుజాన వేసుకుని ఆడిపాడిందీ గొంగడే.

ఇక్కడ స్కాట్లాండ్‌లోనైనా రైతుకు ఉన్ని మీద వచ్చేది కత్తిరింపు కూలికే చాలడం లేదని విన్నాక, పోల్చడానికి నోరు రాలేదు. మక్తల్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల చేన్లో ఎరువు కోసం మందను పండబెట్టే మల్లన్న తాత గుర్తొచ్చాడు. జల్లు పడితే గొంగడిని తలమీదుగా కొప్పెర పెట్టుకునేవాడు. నీటి చుక్కలు ఆ నల్ల బొచ్చు కొసల మీద పూసల్లా నిలబడి, తాత ఒక్కసారి దులిపితే రాలిపోయేవి. నన్నూ అందులోకి లాక్కునేవాడు. మెడకు గుచ్చుకునేది, గొర్రె వాసన కొట్టేది. వెచ్చగా ఉండేది.

అదే కాలంలో బడిలో కుట్లు అల్లికల పీరియడ్ ఉండేది. టీచరమ్మ బజారులో కొనుక్కు రమ్మన్న గులాబీరంగు 'ఉన్ని'తో స్వెట్టర్ నేర్చుకున్నాం. అది పూర్తిగా యాక్రిలిక్. కిటికీ బయట అసలు ఉన్ని మందలు మందలుగా నడిచిపోతుంటే, మాకెవరూ దాన్ని చూపించలేదు. నాకు అల్లికల బృందంలోని ఆవిడ మీద కన్నా దీని మీదే ఎక్కువ కోపం.

"ఇప్పుడు బొచ్చు ఎవలు కొంటున్నరక్కా, కత్తిరిచ్చి చేన్లనే పారేస్తున్నరు" అన్నాడు ఊళ్లో ఉన్న మా తమ్ముడు. మాంసం ఎక్కువొస్తుందని బొచ్చులేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకొచ్చాయి. 2017లో తెలంగాణ సర్కారు యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడూ లెక్క మాంసానిదే. ఉన్ని ఊసే లేదు.

ఆ నల్ల ఉన్నితోనే అల్లుతున్న నా స్వెట్టర్ ఒళ్లు పూర్తయింది. చేతులకు ఉన్ని చాలదు. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే, రాట్నం మీద వడికిన నల్ల ఉన్ని రెండుండలు తెచ్చిపెట్టండి. వడికిన ఆమె ఎంత అడిగితే అంత, బేరం లేకుండా ఇస్తాను.