మాను లేని ఆకులు

మైన్‌క్రాఫ్ట్‌లో చెట్టు మాను కొట్టేస్తే ఆకులు వెంటనే రాలవు. కింద ఏమీ లేకపోయినా గాల్లో పచ్చగా అలాగే నిలబడి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్ళు గేమ్‌లో ఏదో తప్పు జరిగిందనుకుంటారు. కాసేపు ఆగితే ఎక్కడో ఒక ఆకుల బ్లాక్ మాయమవుతుంది. ఇంకాసేపటికి దానికి సంబంధం లేని చోట ఇంకొకటి. పైన ముందా, చివర ముందా అనే వరస ఉండదు. ఒకటి రెండు నిమిషాల్లో చాలావరకు పోతాయి. ఆఖర్న ఒకటో రెండో మిగిలి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అక్కడే వేలాడతాయి. చివరికి అవీ పోతాయి.

దీని వెనక లెక్క చాలా సింపుల్. ప్రతి ఆకుల బ్లాక్ తనలో ఒక అంకె దాచుకుంటుంది. మానుకి ఆనుకుని ఉన్న ఆకు అంకె 1. దానికి ఆనుకున్నది 2. అలా 6 దాకా బతుకు. 7 అయితే ఆ ఆకుకి చెట్టు లేనట్టే లెక్క. ఆనుకోవడం అంటే పైనా కిందా నాలుగు పక్కలా, ఆరు ముఖాల్లో ఏదో ఒకటి పూర్తిగా తగలాలి. మూలగా తగిలితే చుట్టరికం కిందికి రాదు. (ఇది కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్ సంగతి. పాత వెర్షన్లలో ఈ దూరం ఇంకా తక్కువ ఉండేది.)

నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఆకుకి మాను ఎక్కడుందో తెలియదు. అది చేసే పనల్లా పక్క ఆకుల్ని అడగడం: మీలో ఎవరికి తక్కువ అంకె ఉంది? అందులో చిన్నదానికి ఒకటి కలిపి తన అంకె అనుకుంటుంది. మాను పోయినప్పుడు ఆ వార్త ఒకేసారి అందరికీ చేరదు. మొదట ఆనుకున్న ఆకు ఉలిక్కిపడి పక్కదాన్ని అడుగుతుంది. పక్కది ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది కాబట్టి "నాది 2" అంటుంది. సరే అయితే నాది 3 అనుకుంటుంది ఇది. ఇది 3 అంటోంది కాబట్టి అది 4 అవుతుంది. మాను పోయాక కూడా ఆకులు ఒకదాని మాట ఒకటి నమ్ముకుంటూ కొంతసేపు లెక్క నడిపిస్తాయి. 7 వచ్చాక గానీ తెలిసిరాదు. ఇదంతా జరగడానికి సెకను కూడా పట్టదు, కంటికి కనబడదు.

కంటికి కనబడేది ఆ తర్వాతిది. అంకె 7 అయినంత మాత్రాన ఆకు పోదు. గేమ్ తన ప్రపంచాన్ని పదహారు బ్లాకుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ముక్కలుగా కోసుకుంటుంది. ముక్కకి 4096 బ్లాకులు. సెకనుకి 20 సార్లు, ప్రతిసారీ ఆ ముక్కలో మూడు బ్లాకుల్ని గుడ్డిగా ఏరుతుంది. ఏరిన దాంట్లో మాను లేని ఆకు ఉంటే దాని పని అయిపోయినట్టే. లెక్క వేస్తే ఒక్కో బ్లాక్‌కి సగటున 68 సెకన్లకోసారి పిలుపొస్తుంది. సగటున, అంతే. కొన్నిటికి రెండో సెకనుకే వస్తుంది, కొన్నిటికి మూడు నిమిషాలైనా రాదు. పోయేటప్పుడు ఇరవైలో ఒక ఆకు ఒక మొక్కని కిందికి విడిచిపెడుతుంది. ఓక్ చెట్టయితే రెండొందల్లో ఒకటి ఆపిల్ కూడా ఇస్తుంది. ఓక్ చెట్టుకి ఆపిల్ ఏంటని నన్నడగొద్దు.

రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, ఏ జాతి మానైనా సరే ఏ జాతి ఆకునైనా బతికిస్తుంది. దట్టమైన అడవిలో ఒక చెట్టు కొడితే దాని ఆకుల్లో సగం పక్కచెట్టు మానుని పట్టుకుని ఉండిపోతాయి. రెండు, మనిషి చేత్తో పెట్టిన ఆకు ఎప్పటికీ రాలదు. కత్తెరతో కోసి తెచ్చి ఆకాశంలో పెట్టినా అలాగే ఉంటుంది. గేమ్ లోపల ఆ ఆకు మీద పర్సిస్టెంట్ అని ఒక గుర్తు పడుతుంది. ఇక దాన్ని ఎవరూ మాను గురించి అడగరు.

ఇదంతా నాకు నేర్పింది మా అక్క కొడుకు. వాడికి పదకొండేళ్ళు, డాలస్‌లో పుట్టాడు. వాడి శనివారం రాత్రి నాకు హైదరాబాదులో ఆదివారం పొద్దున. ఆ గంటన్నర సేపు ఇద్దరం కలిసి ప్రత్తిపాడు కడుతున్నాం. కాకినాడ వైపుది కాదు, గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో వచ్చే ప్రత్తిపాడు. మా అమ్మమ్మ ఊరు. వాడు అక్కడికి వచ్చింది రెండుసార్లే. "మామా, పాడు అంటే స్పాయిల్ కదా, కాటన్ స్పాయిల్ అయిందా?" అని అడిగాడు. ఊరి పేర్ల చివరొచ్చే పాడు వేరురా అని చెప్పాను గానీ, పత్తి వేసిన ఏ రైతునడిగినా వాడి అర్థమే కరెక్ట్ అంటాడేమో.

అసలు చిక్కు ఏంటంటే మైన్‌క్రాఫ్ట్‌లో పత్తి లేదు. గోధుమ ఉంది, బంగాళాదుంప ఉంది, చెరుకు ఉంది. పత్తి లేదు. దారం కావాలంటే సాలెపురుగుని చంపాలి, ఉన్ని కావాలంటే గొర్రెని పట్టుకోవాలి. పేరులోనే పత్తి ఉన్న ఊరిని పత్తి లేని లోకంలో కట్టడం ఎట్లా? ఆకుల బ్లాకుల మీద తెల్ల ఉన్ని పెట్టి సరిపెట్టుకున్నాం. నల్లరేగడికి బురద బ్లాక్ బాగా కుదిరింది, దాని మీద నడిస్తే కాలు కాస్త దిగబడుతుంది కూడా. మిరప కూడా లేదు. ఎర్ర పళ్ళు కాసే ఒక ముళ్ళపొద ఉంది, దాంట్లోంచి నడిస్తే ఒళ్ళంతా గీసుకుని ప్రాణం తగ్గిపోతుంది. కోతలప్పుడు చేతులు మండటం తెలిసినవాడిగా నేను దానికి ఓటేశాను. కల్లంలో ఆరబోసిన కాయకి ఎర్ర కార్పెట్లు. పైనుంచి చూస్తే ఫిబ్రవరి నెల మా ఊరే.

వేపచెట్టు దగ్గర రెండు వారాలు ఆగిపోయాం. ఓక్ ఆకు రంగు అది ఉన్న నేలని బట్టి మారుతుంది, మైదానంలో పచ్చగా, సవన్నాలో కాస్త ఎండ తగిలినట్టు. బర్చ్, స్ప్రూస్ ఆకులు ఎక్కడ పెట్టినా ఒకటే రంగు. చివరికి డార్క్ ఓక్ మానుకి మామూలు ఓక్ ఆకులు, ఒక్కొక్కటి చేత్తో పెట్టాం. పూర్తయ్యాక వాడు గొడ్డలి తీసుకుని మాను మొత్తం కొట్టేశాడు. నేను అరిచేలోపే అయిపోయింది. ఆకులన్నీ అలాగే ఉన్నాయి, గొడుగు లాగా, కింద ఏమీ లేకుండా. "చూశావా మామా, ఇది చావదు." తర్వాత మాను మళ్ళీ పెట్టాడు.

జూన్‌లో ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్ తెరిచి ఇదంతా అమ్మమ్మకి చూపించాను. ఎనభై దాటింది ఆవిడకి. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఇల్లు గుర్తుపట్టింది, బావి తప్పు వైపు పెట్టామంది. మామూలు చెట్టొకటి కొట్టి ఆకులు మాయమవడం కూడా చూపించాను.

"మరి రాలిన ఆకేదిరా?"

"ఉండదు అమ్మమ్మా. మాయమైపోద్ది."

"మాయమైపోవడమేంది? ఆకన్నాక కిందపడాల. పడ్డాక ఎవరో ఒకరు ఊడవాల. ఊడ్చే పని లేకపోతే ఎంత చెట్టైనా పెంచుకోవచ్చు, దానికేం."

ఊరికే అన్న మాట కాదది. అసలు వేపచెట్టు కథలో సగం ఆ ఊడవడమే.

తాతయ్య పోయాక 2021లో ఇల్లూ స్థలం మామయ్యలిద్దరికీ పంచారు. గొడవేం లేదు, టేపు పెట్టి కొలిచి సగానికి గీత గీశారు. గీత సరిగ్గా వేపచెట్టు మధ్యలోంచి పోయింది. గోడ కట్టాలంటే చెట్టు పోవాలి. అటు జరిపితే పెద్దమామయ్యకి నాలుగడుగులు తక్కువ, ఇటు జరిపితే చిన్నమామయ్యకి. కొట్టేద్దాం అనే మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ అమ్మమ్మ ముందు అనలేదు. యాభై ఏళ్ళకి పైగా దాని కింద పుల్లల చీపురుతో పొద్దునోసారి సాయంత్రమోసారి ఊడ్చింది ఆవిడే. మాఘం వెళ్ళి ఆకురాలు మొదలైతే రోజుకి మూడుసార్లు. ఊడ్చిన ఆకు కుప్పేసి చీకటి పడేవేళ పొగ పెట్టేది, దోమలకి.

ఆ ఏడాది చివర్లో వేపచెట్లకి ఎండు రోగం వచ్చింది. ముందు తెలంగాణ జిల్లాల వార్తలొచ్చాయి, రోడ్ల పక్కన వేపలన్నీ కొసల నుంచి మాడిపోయినట్టు గోధుమ రంగుకి తిరిగాయని. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అన్నారు శాస్త్రవేత్తలు. కొమ్మ చివర లేత ఆకుల దగ్గర మొదలై వెనక్కి, మాను వైపు వస్తుంది. తర్వాత మా చెట్టుకీ వచ్చింది. జనవరికల్లా పై సగం మాడింది.

ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి మొహాల్లో ఒక తేలిక కనబడింది. చెట్టు దానంతటదే పోతే ఎవరూ కొట్టించినట్టు కాదు. అడితి అతను వచ్చి చూసి, పూర్తిగా ఎండనివ్వండి అప్పుడే మాట్లాడుకుందాం అన్నాడు. ఇక అందరం ఆకుల వైపు చూడ్డం మొదలుపెట్టాం. గేమ్‌లో మాను పోయాక ఆకులు పోతాయి. మా ఇంట్లో మాను కొట్టడానికి ఆకులు ఎప్పుడు పోతాయా అని కాచుక్కూర్చున్నాం. వచ్చిన చుట్టాలు కూడా చెప్పులు విడుస్తూ ఒకసారి తలెత్తి చూసేవాళ్ళు. నేను ఆ సంక్రాంతికి వెళ్ళినప్పుడు అందరూ ఉన్నారు, అరిసెలున్నాయి, కొత్త బట్టలున్నాయి. చెట్టు మాట మాత్రం లేదు.

గోడ ఆగింది మాత్రం చెట్టు వల్ల కాదు. ఆ సీజన్లోనే మిరపకి నల్ల తామర పురుగు పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన రకం. ఆకు ముడుచుకోవడం మనకి పాత జబ్బే. ఇది పూలలో దూరి కూర్చుంటుంది, పూత రాలిపోతుంది, కాయ పట్టదు. ఏ మందు కొట్టినా లొంగలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాపు మీదున్న తోటల్ని దున్నేసినవాళ్ళున్నారు. మామయ్యలిద్దరిదీ అదే పరిస్థితి. గోడకి తెద్దామనుకున్న ఇటుకల డబ్బు మందుల కొట్టుకి పోయింది.

2022లో ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. అప్పటికి చెట్టుకి కింది కొమ్మల్లో ఎర్రటి చిగురుంది. పైన ఎండు పుల్లలు, కింద చిగురు, గుండు సగం గీసి వదిలేసినట్టు. పచ్చడికి సరిపడా పువ్వు కూడా దొరికింది, చిన్నమామయ్యే నిచ్చెన వేసుకుని కోశాడు. అమ్మమ్మ ఎండు కొమ్మలు కొట్టించింది. అంతే, మళ్ళీ ఎవరూ ఏమీ అనలేదు.

చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదివినదే, ఆకు వంట చేస్తే మాను తింటుంది. మైన్‌క్రాఫ్ట్ చేసినవాళ్ళు దాన్ని తిరగేశారు. వాళ్ళ చెట్టులో ఆకే మాను మీద బతుకుతుంది, మానుకి ఆకుతో పనే లేదు. ఆకులన్నీ పీకేసిన మాను వందేళ్ళైనా అలాగే నిలబడి ఉంటుంది. ప్రోగ్రామర్‌గా నాకు అది తెలివైన పనే అనిపిస్తుంది, మాను కొట్టినవాడికి ఆకులు శుభ్రం చేసే శ్రమ తప్పింది. కానీ ఆ అంకెల్లో మా వాళ్ళ కుటుంబాన్ని చూసుకోవడం మొదలుపెట్టినప్పుడల్లా ఏదో తేడా కొడుతుంది. అమ్మమ్మ మాను, నేను 2, డాలస్ వాడు 3, ఎవరు 7కి చేరితే వాళ్ళు రాలిపోతారు అని రాయడం సులువు, ఇలాంటి వ్యాసాల్లో బాగుంటుంది కూడా. అయితే మా ఇంట్లో జరుగుతున్నది అది కాదు. ఆవిడ ఒంటరిగా ఆ ఇంట్లో నిలబడి ఉందంటే నెలనెలా అక్క పంపే డబ్బులు, చిన్నత్త పంపే కూర, ఆదివారం వీడియోలో వీడి వచ్చీరాని తెలుగు, ఇవే వంట. ఎండటం కూడా కొసల నుంచే మొదలవుతుంది. అక్క ఫోన్ రెండు వారాలు రాకపోతే ఆవిడ అన్నం తగ్గించేస్తుంది. అది చిన్నత్త చెప్తే తెలిసింది.

2025లో మిరప ధర బాగా పడిపోయినా ఇటుకలు మాత్రం వచ్చాయి. అక్క పంపింది డబ్బు. చెట్టు కిందే పేర్చారు, వాటి మీద ఆకు రాలుతోంది. గోడ చెట్టు దాకా వచ్చి ఆగి, అటువైపు మళ్ళీ మొదలవ్వాలని పెద్దమామయ్య ఆలోచన. మధ్యలో ఖాళీ ఎంత వదలాలి అన్నది తేలలేదు. మేస్త్రీ మూడడుగులు చాలన్నాడు. మాను ఇంకా లావవుద్ది, ఐదు వదలమంది అమ్మమ్మ. ఐదడుగులు వదిలితే ఇక గోడెందుకని చిన్నమామయ్య. ఇప్పటికి అక్కడుంది.

2025 మార్చిలో వచ్చిన అప్‌డేట్‌తో మైన్‌క్రాఫ్ట్‌లో ఎండుటాకులు వచ్చాయి. చెట్ల నుంచి ఆకులు రాలుతూ కనబడతాయి గానీ అవి ఉత్త బొమ్మ, కాసేపటికి మాయం. నేల మీద పరిచేవి వేరే వస్తువు. అడవుల్లో దొరుకుతాయి, లేదంటే ఆకుల బ్లాక్‌ని కొలిమిలో వేస్తే వస్తాయి. ఒక్కో చోట నాలుగు దాకా పరచొచ్చు. అమ్మమ్మ అడిగిన సంగతి చెప్తే వాడు ఒక శనివారం రాత్రంతా కూర్చుని ఆకులు కాల్చి మా వేపచెట్టు కింద నేలంతా పరిచాడు. ఆ పొద్దున ఊళ్ళోనే ఉన్నాను, ఆవిడ పక్కన మంచం మీద.

"తాతమ్మా, చూడు, లీవ్స్ పడ్డాయి."

"బాగా పడ్డయ్యి నాన్నా. ఇంక ఊడ్చు."

చీపురు లేదు గేమ్‌లో. ఒక్కొక్క చదరం దగ్గరికీ వెళ్ళి చేత్తో కొట్టాలి. వాడు బావి వైపు నుంచి మొదలుపెట్టాడు. "అటుకాదురా, గోడ వైపు నించి రా, గాలి ఇటు కొడద్ది," అంటోంది ఆవిడ.