స్వరాజ్ ద్వీపంలో మూడు తీగలు

2024 దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న శ్రీ విజయపురంలో ఓడ ఎక్కితే, దాదాపు రెండు గంటల ప్రయాణం తరువాత స్వరాజ్ ద్వీపం చేరవచ్చు. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. పగడపు దిబ్బల నడుమ మునిగి చూడటానికే ఎందరో ఇక్కడికి వస్తారు.

మునిగేవారి మణికట్టున గడియారం వంటి చిన్న కంప్యూటరు ఉంటుంది. ఎంత లోతున ఎంతసేపు ఉన్నదీ గుర్తుంచుకొని, దేహంలో చేరే నత్రజనిని అది లెక్కగడుతుంది. తొందరపడి పైకి వస్తే ఆ వాయువు బుడగలై కీళ్ళను, ఒక్కొక్కప్పుడు వెన్నుపామును దెబ్బతీస్తుంది. అప్పుడు వైద్యునికి ఆ లెక్కే ఆధారం.

దానిని పెద్ద కంప్యూటరుకు ఎక్కించే కేబులు పోతే, దీవిలో కొత్తది దొరకడం కష్టం. చేతనైనవారు స్వయంగా చేసుకొంటారు. కొన్ని పాత రకాల యంత్రాలకు ప్రక్కన లోహపు మొటిమలుంటాయి. నీట మునిగిన సంగతి యంత్రానికి తెలిసేదీ వాటివల్లనే. యు.ఎస్.బి. సీరియల్ ముక్క ఒకటి, మూడు సన్నని తీగలు, అదిమిపట్టడానికి బట్టలారవేసే క్లిప్పు: సరంజామా ఇంతే. మెలకువంతా వోల్టేజిలో ఉంది. మూడు వోల్టుల యంత్రానికి అయిదు తగిలిస్తే అది పాడుకావచ్చు. మొటిమలపై పేరిన ఉప్పును ముందే మంచినీటితో కడగాలి.

చదివి చూపే సాఫ్టువేరు సబ్‌సర్ఫేస్ ఉచితం. 2011లో దానికి శ్రీకారం చుట్టినవాడు లినక్సు సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్; ఆయనకూ మునకలంటే మక్కువ! సాయంవేళ తెరపై ఆనాటి మునక ఒక గీతగా పరచుకొంటుంది. వేగం హద్దుమీరిన చోట అది ఎర్రబారుతుంది. ఆ ఎరుపు చూసి మరునాటి మునకను మానుకొనేవారూ ఉంటారు.