పురుగుకు ఫోటో తీసే స్టూడియో

మిరప మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాం, ఒకసారి దాచేపల్లి వెళ్లి రండి అన్నారు ఎడిటర్ గారు. అక్కడ పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఒకాయన తీరిక దొరికినప్పుడల్లా మిరప పూలల్లోని పురుగులకు ఫోటోలు తీస్తున్నాడని, ఒక్కో ఫోటోకు ఒక రాత్రంతా పడుతుందని ఎడిటర్ గారికెవరో చెప్పారట. నేను వెళ్లేటప్పటికి పుష్యమాసం, ముహూర్తాలు లేవు. చేలల్లో మొదటి కోత నడుస్తోంది. పైన పూత ఇంకా ఉంది, ఆ పూతలో పురుగూ ఉంది.

స్టూడియో అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీదే. ముందు గదిలో మామూలు సరంజామా: గొడుగు లైట్లు, నీలం తెర, పెళ్లికూతుళ్ల నిలువెత్తు ఫ్రేములు. నేను ఉండిపోయింది వెనక గదిలో. అక్కడ ఇనుప బల్ల మీద స్కూటర్ ట్యూబులు రెండు, వాటి మీద ఒక నాపరాయి పలక, ఆ పలకకు బిగించిన కెమెరా. ముందున్నది మామూలు లెన్సు కాదు, మైక్రోస్కోపుకుండే 10 రెట్ల ఆబ్జెక్టివ్. ఎదురుగా సూది మొనకు జిగురుతో అంటించిన నల్లటి నలుసు. చుట్టూ ట్రేసింగ్ పేపరు గొట్టం, బయట నుంచి రెండు లైట్లు. ఆ నలుసే నల్ల తామర పురుగు. పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ.

అంత దగ్గరికి వెళ్తే ఏ లెన్సుకైనా చూపు బాగా పలచబడిపోతుంది. 10 రెట్ల ఆబ్జెక్టివ్‌లో ఒకసారికి స్పష్టంగా కనపడే మందం మిల్లీమీటరులో నూరో వంతుకు కూడా రాదు. కన్ను కనపడితే మీసం కనపడదు, మీసం కనపడితే రెక్క మసక. మామూలు మ్యాక్రో లెన్సయితే ఎపర్చర్ తగ్గించి లోతు పెంచుకోవచ్చు గాని, ఇన్ని రెట్లు పెద్దది చేసేటప్పుడు అలా చేస్తే డిఫ్రాక్షన్ వచ్చి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. అందుకని కెమెరాను మైక్రోమీటరు మరతో వెంట్రుకవాసి కంటే తక్కువ దూరం ముందుకు జరపడం, ఒక షాట్ తీయడం, మళ్లీ జరపడం. అలా యాభయ్యో అరవయ్యో ఫ్రేములు. తర్వాత సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోనూ స్పష్టంగా ఉన్న భాగాన్ని వెతికి పట్టుకుని అన్నిటినీ ఒక్క బొమ్మగా కూరుస్తుంది. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటున్నారు. ఉక్రెయిన్ వాళ్ల హెలికాన్ ఫోకస్, అమెరికాలో రిక్ లిటిల్‌ఫీల్డ్ రాసిన జెరీన్ స్టాకర్ ఈ పనికి పేరున్నవి. ఇక్కడ వాడుతున్నది జెరీన్.

పగలు ఈ పని కుదరదు. వాడపల్లి వైపు నుంచి సిమెంటు లారీ ఒకటి వెళ్తే చాలు, ట్యూబులున్నా, నాపరాయి ఉన్నా సూది మొన వణుకుతుంది. కంటికి కనపడని ఆ వణుకు 10 రెట్లలో బొమ్మను పక్కకు లాగేస్తుంది. రాత్రి పొద్దుపోయి లారీలు పలచబడ్డాక మొదలుపెడతాడు. షాటుకూ షాటుకూ మధ్య ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. నేనూ అలాగే కూర్చున్నాను.

మర తిప్పడం ఓపిక ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోగలరు. నన్ను కట్టిపడేసింది ఆ తర్వాత పని. స్టూడియో వాళ్లు టచింగ్ అనేది.

సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా కూరుస్తుంది. పీమ్యాక్స్ అనే పద్ధతిలో సన్నటి వెంట్రుకలు ఒకదాని మీద నుంచి ఒకటి పోయినా అన్నీ నిలుస్తాయి గాని బొమ్మకు గరుకుదనం వస్తుంది, రంగు కాస్త మారుతుంది. డీమ్యాప్ పద్ధతిలో ఒంటి రంగు, నునుపు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి గాని, వెంట్రుకలు అడ్డంగా పోయిన చోట తెగిపోతాయి, చుట్టూ మసక వలయాలు మిగులుతాయి. ఆయన రెండూ చేయిస్తాడు. డీమ్యాప్‌ను అడుగున పెట్టుకుని, వెంట్రుకలున్న చోటల్లా పీమ్యాక్స్ నుంచి బ్రష్‌తో తెచ్చుకుంటాడు. అదీ చాలకపోతే అసలు ఫ్రేముల్లోకే పోతాడు. తెర మీద ఎడమవైపు కెమెరా తీసిన ఫ్రేము, కుడివైపు తయారవుతున్న బొమ్మ. ఎడమ చేతి వేలితో ఒక్కో ఫ్రేమూ ముందుకు, వెనక్కు జరుపుతూ, కుడి చేత్తో మౌసు. సెన్సారు మీద ధూళికణం ఒకటుంటే అది ప్రతి ఫ్రేములోనూ కాస్త జరిగి, చివరికి బొమ్మలో ఒక గీతలాగా తేలుతుంది. దాన్నీ శుభ్రమైన ఫ్రేము చూసి తుడుస్తాడు.

ఆ రాత్రి పురుగు తల మీద ఒక వెంట్రుక రెండుగా కనపడింది. మధ్యలో ఎప్పుడో లారీ పోయి ఉంటుంది. తామర పురుగు తల మీద రెండు పెద్ద కళ్లు కాక మూడు చిట్టి కళ్లుంటాయి, వాటి దగ్గర వెంట్రుకలు ఎన్ని, ఎక్కడ అన్నది జాతిని గుర్తుపట్టడంలో ఒక ఆనవాలు. ఆయన ఫ్రేములన్నీ తిరగేశాడు. వెంట్రుక మొదలు ఒక ఫ్రేములో దొరికింది, నడుము ఇంకోదాంట్లో, కొస మరోదాంట్లో. మూడింటినీ తెచ్చి కలిపి, పక్కనున్న దొంగ వెంట్రుక మీద వెనకటి శుభ్రమైన ఫ్రేమును రుద్దాడు. ఒక్క వెంట్రుక. టీ తెప్పించుకుని, తాగి, మళ్లీ పెద్దది చేసి చూసుకుని, కొస దగ్గర ఇంకోసారి సరిచేశాడు.

"వదిలేస్తే ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"లేని వెంట్రుక పెడితే అది వేరే పురుగైపోద్ది సార్" అన్నాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇదే కంప్యూటర్‌లో పక్క ఫోల్డరు పెళ్లిది. పిల్ల చామనఛాయ, తెల్లగా చేయమని వాళ్ల కోరిక. గడ్డం మీద పుట్టుమచ్చ తీసేయమన్నారు. ఆ పనీ ఈ చెయ్యే చేస్తుంది, దానికే డబ్బులొస్తాయి. తండ్రి కాలంలో నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవారట, ఆయన పక్కన కూర్చునే ఇతనికి చెయ్యి కుదిరింది. పల్నాట్లో, గుంటూరు జిల్లాలో, ఒంగోలు వైపు ఇలాంటి చేతులు ఊరికొకటి ఉండేవి. ఫోన్లొచ్చాక ఒక్కో స్టూడియో జెరాక్స్ షాపుగానో, మీసేవగానో మారిపోతోంది. ఉన్నవాళ్ల చేతిలోకి ఇప్పుడు ఏఐ బటన్లొచ్చాయి. మసక బొమ్మ ఇస్తే స్పష్టంగా చేసి ఇస్తాయి, లేని వెంట్రుకల్ని కూడా చక్కగా మొలిపిస్తాయి. పెళ్లి ఆల్బమ్‌కు అది నడుస్తుందేమో. పురుగు విషయంలో అది అబద్ధం, ఎకరాల మీద డబ్బు పోయించే అబద్ధం. కెమెరా చూసిన దాన్ని తప్ప ఇంకేదీ బొమ్మలోకి రానివ్వకూడదన్న నియమం ఈయనకు ఎవరూ నేర్పలేదు, తనే పెట్టుకున్నాడు. ఆ నియమం ఉన్న చేతులే మనకు కావాలి. వాటినే వదులుకుంటున్నాం.

తెల్లారాక ఒక పెద్దాయన వచ్చాడు, చేతిలో పాలిథిన్ కవరు, అందులో గుప్పెడు మిరప పూలు.

"ఏందబ్బాయ్, ఇంకా పడుకోలేదా? ఇదిగో, ఈ పూలు చూడు. నిన్న కొట్టానా, ఇయ్యాల మళ్లీ ఉన్నాయి."

"ఏం కొట్టావు బాబాయ్?"

"నాకేం తెలుసయ్యా. కొట్టుకాడ ఏదిస్తే అదే. పోయినసారిది పనిచెయ్యలేదంటే మందు మార్చమంటాడు. ఆ పురుగేందో చూపించమంటే ఫోన్లో ఏదో మచ్చ చూపిస్తాడు. అది నా కళ్లకు మచ్చే, ఆయన కళ్లకూ మచ్చే."

ఈ మాట నేనింకా మర్చిపోలేకపోతున్నాను. నల్ల తామర పురుగును శాస్త్రానికి పరిచయం చేసింది 1922లో కార్నీ అనే శాస్త్రవేత్త. మన దేశంలో ఉన్నట్టు 2015లో బెంగళూరు బొప్పాయి మీద గుర్తించి నివేదించారు. 2021 చివరికి ఆంధ్ర, తెలంగాణ మిరప చేల మీద విరుచుకుపడింది. పూలల్లో గుంపులుగా చేరి పూత రాల్చింది, నిలిచిన కాయ వంకర పోయింది. మధ్యలో ఆరేళ్లు. నేనడిగిన రైతుల్లో ఆ ఆరేళ్లలో దీని బొమ్మ చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అప్పటిదాకా వాళ్లకు తెలిసింది ఆకు పైకి ముడిచే పాత తామర పురుగు, కిందికి ముడిచే నల్లి. పాతది లేత పసుపు, కొత్తది నలుపు, కాళ్లు పసుపు. మంచి బొమ్మ రెండూ పక్కపక్కన పెడితే బడి పిల్లవాడు కూడా చెప్పగలడు. నా చేతికొచ్చిన కరపత్రాల్లో మాత్రం నల్లటి చుక్క చుట్టూ ఎర్రటి గీత గీసి ఉంది.

తామర పురుగుల శాస్త్రానికి మన దేశంలో పెద్ద తలకాయ టి.ఎన్. అనంతకృష్ణన్, మద్రాసు లయోలా కాలేజీలో ఉండి ఏళ్ల తరబడి వీటి మీద పనిచేశారు. తెలివికి లోటు లేదన్నమాట. ఆ తెలివి దాచేపల్లి చేలోకి కంటికి కనపడే రూపంలో రావడం లేదు. అమెరికా జియలాజికల్ సర్వేలో శామ్ డ్రోగీ బృందం తేనెటీగలకు ఇదే స్టాకింగ్ పద్ధతిలో ఫోటోలు తీసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని జనానికి వదిలేసింది. మిరపకు గుంటూరంత యార్డు ఉన్న చోట, లాంలో మిరప మీద తరాలుగా పరిశోధన జరుగుతున్న చోట, మిరప మీద బతికే ప్రతి పురుగుకూ అలాంటి బొమ్మ, తెలుగు పేరుతో, ఊరూరా గోడ మీద ఉండాలి. దానికి కావలసిన కళ్లు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయి, చేతులు మూతపడుతున్న స్టూడియోల్లో ఉన్నాయి. ఒకరినొకరు ఎరగరు. ఇది నాకు కోపం తెప్పించే విషయం.

పెద్దాయన తెచ్చిన పూలను తెల్ల కాగితం మీద దులిపారు. నల్ల నలుసులు రాలి పరుగెత్తాయి. వాటిల్లో రెండు కాస్త పెద్దవి.

"చూశావా, ఎంత బలిశాయో" అన్నాడు పెద్దాయన.

స్టూడియో ఆయన మాట్లాడకుండా గోడకున్న లామినేషన్ బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. ఎడమవైపు రాత్రి చూసినదానిలాంటి తామర పురుగు, అంచులకు కుచ్చులున్న సన్నటి రెక్కలు. కుడివైపు ఇంకో జీవి, నలుపు మీద తెలుపు మచ్చలు, తల కింద ముడుచుకున్న సూదిలాంటి ముట్టె. ఓరియస్ అనే పురుగు, రెండు మిల్లీమీటర్లుంటుంది, పూలల్లోనే తిరుగుతూ తామర పురుగుల్ని పొడిచి రసం పీలుస్తుంది. మిత్ర పురుగు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. బొమ్మ మీద ముట్టె దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మీద నలుసుల్ని చూశాడు. ఈసారి ఆ రెండిటినీ వేలితో విడిగా పక్కకు జరిపాడు.

"అయితే నిన్న కొట్టిన మందుకు ఇయ్యే ఎక్కువ సచ్చుంటాయా?"

"కొన్ని మందులకు అంతే బాబాయ్. ఇయ్యి సస్తాయి, అయ్యి మళ్లీ పెరుగుతాయి."

"మరి వీటిని చంపకుండా వాటిని చంపేది ఏదో నీకు తెలుసా?"

"నాకు ఫోటో తీయడమే తెలుసు. ఇది తీసుకుపోయి వ్యవసాయాధికారికి చూపించి, ఇదే మాట అడుగు" అంటూ బొమ్మను పాత క్యాలెండరు కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చాడు. వాట్సప్‌లో పంపొచ్చుగా అన్నాను. అందులో పంపితే వెంట్రుకలు పోతాయి సార్ అన్నాడు.