కరువు పని కట్టిన కొండ బంగళా

కిందంతా దట్టమైన అడవి. పైన వేసవిలోనూ పూర్తిగా కరగని మంచు. రెండింటికీ మధ్య రాయీ కర్రా కలిపి కట్టిన ఓ పెద్ద బంగళా! అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, మౌంట్ హుడ్ మీద ఆరువేల అడుగుల ఎత్తున ఉన్న ఆ విడిది పేరు టింబర్‌లైన్ లాడ్జ్. చలికాలంలో మంచు ఎంతగా పేరుకుంటుందంటే, లోపలికి సొరంగంలాంటి దారిలోంచి వెళ్లాల్సిందే.

ఇంతకీ ఇది ఏ కోటీశ్వరుడో ముచ్చటపడి కట్టించుకున్నది కాదు. పని దొరక్క అల్లాడుతున్నవాళ్లకి ప్రభుత్వం చూపించిన పని!

1929లో మొదలైన మహామాంద్యం దెబ్బకి, 1933 నాటికి అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. ఊరికే డబ్బు పంచే బదులు పని కల్పించి కూలి ఇవ్వాలని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935లో డబ్ల్యూపీఏ అనే పథకం పెట్టింది. మన పల్లెల్లో కరువు పనులంటారే, అలాంటిదే. 1943లో ముగిసేలోగా సుమారు 85 లక్షల మందికి అది అన్నం పెట్టింది.

ఈ బంగళా పని 1936లో మొదలైంది. పనివాళ్లు కొండ మీద గుడారాల్లో ఉండేవారు. నిపుణులకు గంటకు 90 సెంట్లు, మామూలు కూలీలకు 55 సెంట్లు. ఎక్కువమందికి అవకాశం రావాలని వంతులవారీగా పని ఇచ్చేవారు.

అయితే ఓ చిక్కు. నిధుల్లో సింహభాగం కూలికే పోవాలి, సామాన్లకు మిగిలేది కొంచెమే. ఆ కొరతే ఈ బంగళాకి అందమైంది. మెట్ల దగ్గరి స్తంభాల మీద గుడ్లగూబ, ఎలుగుబంటి చెక్కారు. అవి పారేసిన కరెంటు స్తంభాలే! పొయ్యిలో కట్టెలు నిలిపే ఇనుప చట్రాలు పాత రైలు పట్టాలు. నిప్పురవ్వలు పడకుండా వేలాడదీసిన తెరలు టైర్ల గొలుసులు. పాత యూనిఫాం పీలికలతో ఆడవాళ్లు తివాచీలు అల్లారు. కుర్చీల గుడ్డలు, తెరలు మగ్గాల మీద నేశారు.

అప్పట్లో ఈ పథకం మీద విమర్శలకు కొదవలేదు. పార మీద ఆనుకుని నిలబడటానికే జీతాలిస్తున్నారని పత్రికల్లో కార్టూన్లు వచ్చేవి. 1937 సెప్టెంబరు 28న రూజ్‌వెల్ట్ స్వయంగా ఈ కొండకి వచ్చి బంగళాని జాతికి అంకితం చేశారు.

తర్వాత కష్టాలూ వచ్చాయి. బకాయిలు పేరుకుపోయి 1955లో కొంతకాలం తలుపులు మూశారు. కొత్త యాజమాన్యం వచ్చి మళ్లీ తెరిచింది. 1977లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు దక్కింది.

గంటకు 55 సెంట్ల కూలి ఏ రోజుకారోజు రొట్టెకీ బూట్లకీ ఖర్చయిపోయే ఉంటుంది. మంచులో ఆడుకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం నేటికీ ఆ కరెంటు స్తంభపు గుడ్లగూబ తల నిమిరి మరీ మెట్లెక్కుతున్నారు.