చేబదులు

ఫిలిప్పీన్స్ దేశమందలి ద్వీపములలో లుజాన్ మిక్కిలి పెద్దది. దానికి వాయవ్యదిశను, ఒకవైపు సముద్రమును వేరొకవైపు కొర్డిలేరా పర్వతములును హద్దులుగా, సన్నని పట్టెవలె ఒక సీమ కలదు. దాని పేరు ఇలోకోస్. అచ్చటి జనులు ఇలోకానోలు. వారి భాష ఇలోకో. కొండలు కడలికి చేరువగా నుండుటచే ఆ సీమలో సాగునేల తక్కువ. ఏడాదిలో ఇంచుమించు సగము కాలము వాన లుండవు. అట్టి నేలను నమ్ముకొని బ్రతికినవారగుటచే పొదుపును, ఓర్పును, రెక్కల కష్టమును వారికి తరతరముల సొత్తులైనవి. పొరుగు సీమలవారు వారిని పిసినారులని పరిహసించుటయు కలదు. ఉన్న నేల చాలక దూరదేశములకు పోయి బ్రతుకుట వారికి కొత్త కాదు. 1906వ సంవత్సరమున ఫిలిప్పీన్స్ నుండి హవాయి దీవుల చెరకుతోటలకు పదునైదుగురు పనివారు మొదటిసారి వెళ్లిరి. వారి వెనుక వేలమంది వెళ్లిరి. వారిలో ఇలోకానోలే అధికులు.

ఆ సీమ ఉత్తరభాగమున పావోయ్ అను పట్టణము కలదు. దానికి కొంత దూరమునగల ఒక పల్లెలో, 2018వ సంవత్సరమున, ఎనిమిదవ తరగతి చదువుచుండిన బాలిక యొకతె యుండెను. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయదారులు. ఇంట మగ్గముపై అమ్మమ్మ వస్త్రములు నేయుచుండెను. ఇలోకానోలు అవ్వను 'అపోంగ్' అని పిలుతురు. బాలికయు అట్లే పిలుచుచుండెను.

జూన్ నెలలో బడి తెరచిన కొలది దినములకు ఉపాధ్యాయిని పిల్లలకొక పని నొసగెను. "మీ జీవితలక్ష్యము లేవి? మీలో దిద్దుకొనవలసిన గుణమేది? మీ వారి ఆచారములలో మీరు నిలుపుకొనదలచిన దేది? ఈ మూటిని గూర్చి మీకు వచ్చిన భాషలో వ్రాసికొనిరండు" అని చెప్పెను.

బాలిక ఆ రాత్రియే ఒక్క గడియలో వ్యాసము ముగించెను. తాను నర్సు విద్య చదువుననియు, ఆంగ్లము తడబడక మాటాడుననియు, హవాయికి పోయి ధనము గడించి పల్లెలో రాతిమేడ కట్టించుననియు లక్ష్యములు వ్రాసెను. దిద్దుకొనవలసిన గుణము సోమరితనమని వ్రాసెను. ఆచారములను గూర్చి పాఠ్యపుస్తకము తెరచి, పుట్టినతోడనే మాటలాడి తన పేరు తానే చెప్పుకొనిన లామ్-ఆంగ్ అను పురాణవీరుని కథను, 1710లో పూర్తియై 1993లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చబడిన పావోయ్ దేవాలయమును వర్ణించెను. చేతివ్రాత ముత్యములవలె నుండెను.

రెండుదినములకు ఉపాధ్యాయిని ఆ కాగితమును తిరిగి యిచ్చుచు నిట్లనెను: "ఇందు తప్పులేమియు లేవు. కాని దీనిపై నీ పేరు కొట్టివేసి వేరొక బాలిక పేరు వ్రాసినచో ఏమి మారును?"

బాలిక సమాధానము చెప్పలేక పోయెను. ఏమియు మారదని ఆమెకును తోచెను. ఆ మాట ఆమె మనస్సున ముల్లువలె నాటుకొనెను.

ఇలోకోస్ చేనేతకు 'ఇనాబెల్' అని పేరు. నూలుతో గట్టిగా నేయబడి తరములు మన్నుటచే దానికి ప్రసిద్ధి కలిగినది. దానిలో 'బినాకోల్' అను నేత మిక్కిలి చిత్రమైనది. రెండు రంగుల నూలుపోగులతో చిన్నపెద్ద గళ్లు ఒకదాని నొకటి త్రోయుచున్నట్లు కూర్చబడియుండును. చూచువారి కన్నులకు గుడ్డ సుడిగాలివలె తిరుగుచున్నట్లు భ్రమ కలుగును. ఆ సుడి దుష్టశక్తులను దారి తప్పించునని పూర్వుల నమ్మకము. పినిలి పట్టణమునకు చెందిన మగ్దలేనా గమాయో అను నేతగత్తె తన పదునారవ యేట బంధువురాలి చేతులను చూచి ఈ విద్య నేర్చెను. ఫిలిప్పీన్స్ ప్రభుత్వము 2012లో ఆమెకు జాతీయ కళానిధి బిరుద మొసగెను. ఆమె పేరు ఆ ప్రాంతపు నేతవారి కెల్లరకు తెలియును.

బాలికయు రెండేండ్లుగా సాయంకాలములందు అపోంగ్ కు బదులు ఒక గంటసేపు నేయుచుండెను. మగ్గముపై అపుడున్నది బినాకోల్ దుప్పటి. నెలాఖరున పట్టణపు వర్తకుడు వచ్చి దానిని కొనిపోవలసియుండెను. ఆ సొమ్ముతో బాలికకు బడికి పోవుటకు కొత్త జోళ్లు కొనవలెనని ఇంట అనుకొనిరి.

ఒక సాయంకాలము బాలిక పరధ్యానముతో ఒక పావుకోడు తొక్కుటకు బదులు వేరొకటి తొక్కెను. గళ్ల వరుస ఒకటి తప్పెను. జానెడు గుడ్డ నేసిన పిమ్మటగాని ఆమె దానిని గమనింపలేదు. పేక విప్పి మరల నేయవలెనన్న ఆ గంటయంతయు వ్యర్థమగును. వీధిలో స్నేహితురాండ్రు పిలుచుచుండిరి. "ఇంత సుడిలో ఒక్క వరుస ఎవరి కంటబడును?" అనుకొని ఆమె ముందుకే నేసెను. నేసిన గుడ్డ ముందరి కొయ్యకు చుట్టుకొనిపోయి తప్పును దాచివేసెను. మరునాడు అపోంగ్ మగ్గమున కూర్చుండి నేసెను, ఏమియు ననలేదు.

ఇంతలో వానలు పడి నాట్లకాలము వచ్చెను. ఇలోకానో పల్లెలలో 'అమ్మూయో' అను కట్టుబాటు కలదు. ఒక యింటివారి పొలమునకు ఇరుగుపొరుగువారు వచ్చి పనిచేయుదురు; కూలి పుచ్చుకొనరు. వారి పొలము పని వచ్చినపుడు వీరు పోయి అన్నిదినములు చేయవలెను. తెలుగు పల్లెలలో రైతులు చేసికొను బదులుపని వంటిదే యిది. ఏ కాగితముమీదను లెక్క వ్రాయరు. కాని ఎవరును లెక్క మరువరు.

బాలిక తండ్రి పొలమున నాట్లు వేయు దినమున పండ్రెండుగురు వచ్చిరి. బడి లేని దినమగుటచే బాలికయు తల్లి ప్రక్కన వరుసకట్టి నాటుచుండెను. రెండుజాములు గడచునప్పటికి నడుము నొప్పిపుట్టి, నీరు త్రాగివత్తునని గట్టుపైకి పోయి, చెట్టునీడను కూర్చుండిపోయెను. కొంతసేపటికి లేచి చూడగా ఆమె సగములో విడిచిన వరుస పూర్తియై యుండెను. పొరుగింటి ముదుసలి, తన వరుస ముగించి, ఎవరితోను చెప్పక దానిని గూడ నాటుచు ముందుకు పోయెను. ఆమెకు అపోంగ్ కన్న రెండేండ్లు ఎక్కువ వయస్సు.

సాయంకాలము అందరు భోజనము చేసి వెళ్లునప్పుడు బాలిక గుమ్మమువద్ద నిలిచి ఆ ముదుసలితో, "దియోస్ తి అగ్ఙినా" అనెను. కృతజ్ఞత తెలుపుటకు ఇలోకానోలు పలుకు మాట యిదియే. చిన్ననాటినుండి దినమునకు పదిమార్లు ఆమె పలుకుచున్న మాటయే. కాని ఆ సాయంకాలము మొదటిసారి దాని యర్థము ఆమెకు తగిలెను. 'ఙినా' అనగా వెల. "దీనికి దేవుడే వెల యిచ్చుగాక" అని దాని భావము. చేసిన మేలునకు వెల కలదనియు, అది తాను వెంటనే తీర్పజాలననియు ఒప్పుకొనుట ఆ మాటలోనే యున్నది. తాను విడిచిన వరుసకు ఇంచుమించు ఎనుబదేండ్ల నడుము వెల యిచ్చెనని తలచునప్పటికి బాలికకు సిగ్గు కలిగెను. సోమరితనమని తాను కాగితముపై వ్రాసిన గుణమునకు అసలు పేరు వేరని కూడ తెలిసెను. ఆమె పని మొదలుపెట్టుటకు జంకునది కాదు, సగములో విడుచునది.

ఆ రాత్రి ఆమె అపోంగ్ దగ్గరకు పోయి దుప్పటిలోని తప్పును గూర్చి చెప్పెను.

"నాకు తెలియును, బిడ్డా. మరునాడే చూచితిని" అని అపోంగ్ పలికెను.

"మరి నాతో ఏల చెప్పలేదు?"

"నీవు చూడక పోయియుండిన నేను చెప్పవలసినదే, అది నేర్పుట. చూచి దాచినచో నేను చెప్పుటవలన ఫలము లేదు. అది నీ చేతులే విప్పవలెను."

తప్పుమీద అప్పటికి మూడు మూరల గుడ్డ పెరిగియుండెను. పేకను పోగు తరువాత పోగుగా విప్పి, తెగినచోట ముడివేసి, కండెకు చుట్టి మరల నేయుటకు పదునొకండు దినములు పట్టెను. ఈలోగా వర్తకుడు వచ్చి, దుప్పటి సిద్ధముగా లేకుండుటచే వేరొకరి గుడ్డ కొనిపోయెను. జోళ్లు మరుసటి నెలకు వాయిదాపడెను. బాలిక పాత జోళ్లకు కుట్టు వేయించుకొని వానలో బడికి పోయివచ్చెను. ఇంట ఎవరును ఆమెను ఒక్క మాటయు ననలేదు.

పేక విప్పుచున్న రాత్రులలో ఒకనాడు ఆమె, "ఈ మగ్గము ఎవరు కొనిరి, అపోంగ్?" అని యడిగెను. అపోంగ్ చెప్పిన కథ ఆమె అంతకుముందు వినియుండలేదు, ఎన్నడును అడిగియుండలేదు.

1946వ సంవత్సరమున హవాయి తోటలవారు ఫిలిప్పీన్స్ నుండి సుమారు ఆరువేల మంది మగవారిని పనికి చేర్చుకొనిరి. కొందరి ఆలుబిడ్డలు గూడ వెంట వెళ్లిరి. ఆ యేడు జూలై 4వ తేదీన ఫిలిప్పీన్స్ స్వతంత్రము కావలసియుండెను. అటుపిమ్మట అమెరికా అధీనమందలి దీవులకు పోవుట కష్టమగునని ఆ తొందర. వారిలో అపోంగ్ తండ్రి ఒకడు. ఆయన సలొమగ్ రేవున ఓడ ఎక్కునాటికి అపోంగ్ వయస్సు మూడేండ్లు. "మూడేండ్లలో తిరిగి వచ్చెదను" అని ఆయన భార్యకు మాట యిచ్చెను. ఏటేట సొమ్ము వచ్చెను. ఆ సొమ్ముతోనే ఇల్లు నిలిచెను. ఆ మగ్గము చేయించబడెను. ఆయన మాత్రము రాలేదు. ముప్పదియేండ్లు చెరకు నరికి అచ్చటనే మరణించెను.

నవంబరు మొదటిదినములలో ఇలోకానోలు చనిపోయినవారికై 'అటాంగ్' అను పళ్లెము పెట్టుదురు. అన్నము, బియ్యపుపిండి వంటలు, ఉడికించిన గ్రుడ్లు మొదలగునవి అందుంచి, గతించినవారిని పేరుతో పిలిచి ఆరగింపుమందురు. తమ యింట పెట్టు పళ్లెములలో ఒకటి ఎవరిదో బాలికకు ఆ రాత్రి తెలిసెను. పదునాలుగేండ్లుగా ఆమె దాని ప్రక్కనుండి నడచిపోవుచునే యుండెను.

దుప్పటి పూర్తియైన మరునాడు ఆమె తన వ్యాసమును మరల వ్రాసెను. ఈసారి ఇలోకో భాషలో వ్రాసెను. అపోంగ్ కు చదివి వినిపింపవలెనని ఆమె కోరిక. అపోంగ్ మగ్గమున కూర్చుండి వినెను.

"నేను నర్సు విద్య చదువగోరుచున్నాను. నాకు లెక్కలు బాగుగా రావు. దినమునకు పది లెక్కలు మొదలుపెట్టుటకు బదులు నాలుగు లెక్కలు ముగించెదను. సగములో విడుచుట నా దోషము. నేను విడిచిన సగమును వేరొకరు పూర్తి చేయుదురని నాట్లనాడు చూచితిని. అటాంగ్ నాడు అపోంగ్ పలుకు మాటలు నాకు సగమే తెలియును. ఈ యేడు అన్నియు నేర్చుకొందును. హవాయికి పోయిన ముత్తాత పేరును నేనే పిలిచెదను. నేను ఎంత దూరము పోయినను తప్పక తిరిగి వచ్చెదను."

అపోంగ్ నాడె ఆపెను.

"అన్నియు బాగున్నవి. కడపటి మాట కొట్టివేయుము" అనెను.

బాలిక ఆశ్చర్యపడి, "నేను తిరిగి వచ్చుట నీకు ఇష్టము లేదా?" అని యడిగెను.

"ఇష్టమే, బిడ్డా. కాని అది నీ చేతిలోనిది కాదు. మా తండ్రియు ఆ మాటనే ఇచ్చెను. ఆయన అబద్ధమాడలేదు, కాలము సాగనీయలేదు. మా తల్లి మాత్రము ఆ మాటనే పట్టుకొని బ్రతుకంతయు త్రోవ చూచినది. నీ చేతిలో లేనిదానిని మాట యీయకుము. బాకీ తీర్చెదనని వ్రాయుము. అది ఎచ్చటనుండియైనను తీర్పవచ్చును. మా తండ్రి తీర్చెను." ఇట్లు పలికి ఆమె మగ్గపు కొయ్యను అరచేతితో తడవి, మరల నాడె వేసెను.

బాలిక కడపటి వాక్యమును కొట్టివేసెను. దాని క్రింద, "నాకై పనిచేసినవారి లెక్కను నేను మరువను. నేనెచ్చట నున్నను నా వంతు పని చేసెదను" అని వ్రాసెను. కాగితమును శుభ్రముగా తిరిగి వ్రాయవలెనని మొదట అనుకొనెను గాని, కొట్టివేత కనబడునట్లే యుంచి మరునాడు బడిలో ఇచ్చెను. తొందరలో పైన తన పేరు వ్రాయుట మరచెను.

ఉపాధ్యాయిని ఆ కాగితమును చదివి, అది యెవరిదని తరగతిలో అడుగకయే, తిన్నగా ఆమె బల్లవద్దకు వచ్చి ఆమె చేతికిచ్చెను.