ఒక స్టాపులో దిగి, ఇంకో స్టాపులో ఎక్కి

జ్యూరిక్ నుంచి రైల్లో గ్లారుస్ వెళితే, వేసవిలో స్టేషను నుంచి పసుపుపచ్చ పోస్టు బస్సు ఒకటి కొండ మలుపులెక్కి క్లోంతాల్ సరస్సు దగ్గర దించుతుంది. ఆనకట్ట ఉన్న కొసన దిగి, గ్లార్నిష్ కొండ నిట్టనిలువుగా లేచిన దక్షిణపు ఒడ్డు వెంట అడవి నీడలో నడుస్తూ పోతే అవతలి కొస వస్తుంది. అక్కడ ఇంకో బస్టాపు. మళ్ళీ అదే బస్సెక్కి ఇంటికి రావచ్చు. స్విట్జర్లాండ్‌లో కాపురం పెట్టిన తొలి రోజుల్లో ఈ నడక నాకు ఒక సంగతి నేర్పింది. కారులో వెళ్ళినవాళ్ళు ఎంత దూరం నడిచినా కారు ఆపిన చోటికే తిరిగి రావాలి. బస్సులో వెళ్ళినవాళ్ళకు ఆ కట్టుబాటు లేదు. ఒకచోట దిగి, ముందుకే నడిచి, ఇంకోచోట ఎక్కొచ్చు. అందుకే వాళ్ళకు సరస్సు ఈ కొస నుంచి ఆ కొస దాకా దొరుకుతుంది.

ఈ ఏర్పాటు ఈ దేశానికి ఊరికే రాలేదు. 1906లో పోస్టాఫీసు ఉత్తరాల మూటలతోపాటు మనుషుల్నీ మోటారు బస్సుల్లో ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. తరవాత కార్లు పెరిగి, కొండదారుల్లో నడిచేవాళ్ళకు చోటు లేకుండా పోతున్నప్పుడు, జ్యూరిక్ సరస్సు ఒడ్డున మైలెన్ అనే ఊళ్ళో బడిపంతులుగా ఉన్న యోహాన్ యాకోబ్ ఎస్ ఊరుకోలేదు. మరికొందరిని కూడగట్టి 1934లో నడకదారుల కోసం దేశవ్యాప్తంగా ఒక సంఘం పెట్టాడు. కూడలి కూడలికీ పసుపుపచ్చ బోర్డు ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. ఇప్పుడు ఆ బోర్డులున్న దారులు అరవై అయిదు వేల కిలోమీటర్లు. బోర్డు మీద మనం నిలబడ్డ చోటి పేరు, దాని ఎత్తు, ముందున్న ఊళ్ళ పేర్లు, అక్కడికి నడవడానికి పట్టే సమయం రాసి ఉంటాయి. 1979లో ఈ దారుల సంగతి రాజ్యాంగంలో చేర్చాలా అని ప్రజల్ని అడిగితే, ఓటేసినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మందికి పైగా అవునన్నారు. 1985లో వచ్చిన చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది: ఏదైనా నడకదారిని తీసెయ్యక తప్పకపోతే, దానికి బదులు ఇంకో దారి చూపించాలి.

ఆ బోర్డుల కింద నిలబడ్డప్పుడల్లా నాకు మా ఏరు గుర్తొస్తుంది. మాది తిరుత్తణి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రలోకి వచ్చాయి. మా అవ్వ ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారింది. ఏరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ రెండు రాష్ట్రాల నీళ్ళనూ కలుపుకునే పారుతోంది. తమిళులు కొసస్థలై అనీ, మేము కుశస్థలి అనీ పిలిచే ఆ ఏరు పళ్ళిపట్టు మీదుగా దిగి, నగరి కొండల నీళ్ళను కలుపుకుని, పూండి చెరువులో నిండి, అక్కణ్ణించి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటుకు ఉత్తరాన ఉన్న ఇసుక దీవి మీదిది కాట్టుపల్లి. తిరుత్తణి కొండ నుంచి కాట్టుపల్లి దాకా ఈ ఏటి వెంట ఎక్కడికైనా సర్కారు బస్సులో వెళ్ళి, దిగి, నడవొచ్చని నాకు పరదేశంలో ఉన్నప్పుడు తట్టింది.

ఊరికి వెళ్ళినప్పుడు ఈ మాట అంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. "బస్సులో ఎందుకమ్మా, కారు మాట్లాడతాం గదా" అంటాడు మా చిన్నాన్న. విదేశం నుంచి వచ్చిన ఆడపిల్ల బస్టాండులో నిలబడితే ఇంటికి తక్కువని ఆయన బాధ, ఆ ప్రేమ నాకు తెలుసు. అయినా మా పిన్ని కూతురూ నేనూ మంచినీళ్ళ సీసాలూ పులిహోర డబ్బా పట్టుకుని బయలుదేరతాం. తమిళనాడులో 2021 మే నుంచి సాధారణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు. ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం అదే తెచ్చింది. పొలం పనికీ ఆసుపత్రికీ గుడికీ వెళ్ళే అమ్మలతో బస్సు నిండుగా ఉంటుంది. ఆ సీట్లో కూర్చుని ఒక పూట చెరువుగట్టు చూసి రావడానికి వాళ్ళకూ మాకూ ఉన్న హక్కు ఒకటే.

తిరుత్తణితో మొదలుపెట్టాలి. చెన్నై, తిరుపతి మధ్య తిరిగే బస్సులు కొన్ని ఇటే వస్తాయి. సుబ్రహ్మణ్యస్వామి కొండకు మెట్లు 365, ఏడాదిలో రోజుకొకటి. డిసెంబరు 31 రాత్రి ఆ మెట్లకు పూజ చేసి, మెట్టుకొక పాట పాడుకుంటూ ఎక్కే ఆచారం ఉంది. ఆడికృత్తికకు చిత్తూరు పల్లెల నుంచి పూలకావళ్ళు భుజాన పెట్టుకుని వచ్చేవాళ్ళు దారి పొడుగునా కనిపిస్తారు. మా అవ్వ కాలంలో ఆ కావడి ఇంటి గడప దగ్గరే లేచేది, కొండ దాకా నడకే. ఇప్పుడు పై దాకా రోడ్డుంది. అయినా మెట్లదారిన ఎక్కితే మలుపు మలుపుకీ చుట్టూ ఉన్న చెరువులు ఒక్కొక్కటే బయటపడతాయి. వాన బాగా పడిన ఏడాది పైకి చేరేసరికి కింద నేలంతా నీటి ముక్కలై మెరుస్తుంది. ఉత్తరాన నగరి కొండ, దాని ముక్కు లాంటి శిఖరం. పూర్వం ఓడవాళ్ళు సముద్రం మీద నుంచి ఆ ముక్కును చూసి తీరం ఆనవాలు పట్టేవాళ్ళు.

రెండోది పూండి. తిరువళ్ళూరు బస్టాండులో ఊత్తుకోట వైపు వెళ్ళే బస్సు కండక్టరును అడిగాం. మా మాటల్లో యాస పట్టుకుని ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు. "డ్యాము గేటు కాడ దించేస్తానమ్మా. సాయంత్రం మళ్ళీ ఇట్లే వస్తా. ఆఖరు బండికని కూర్చోవద్దండి, దానికి ముందుది పట్టుకోండి. ఆఖరుది నిండిపోయి వస్తే ఆపరు." స్విట్జర్లాండ్‌లో బోర్డు చెప్పేదంతా ఇక్కడ కండక్టరు నోటితో చెప్పాడు. బోర్డుకు తెలియనిది కూడా చెప్పాడు.

పూండి జలాశయం 1944లో పూర్తయింది. మద్రాసు మేయరుగా పనిచేసి, ఈ జలాశయం కోసం పాటుపడిన సత్యమూర్తి పేరే దానికి పెట్టారు. గట్టు మీద నడుస్తుంటే ఒక పక్క కనుచూపు మేరా నీళ్ళు, ఇంకో పక్క వరి మళ్ళు. ఆ నీళ్ళలో మా ఏటి నీళ్ళతోపాటు కృష్ణ నీళ్ళూ ఉంటాయి. మద్రాసు దాహం తీర్చడానికి 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా అయిదు టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో తెలుగుగంగ మొదలైంది. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు దాటి, 1996లో తొలిసారి ఆ నీళ్ళు పూండి చేరాయి. కాలవ ఒడ్డున నిలబడి మా చెల్లెలికి ఈ కథ చెబితే, "అక్కా, రోజూ తాగేది ఇదేనా!" అంది. తను చెన్నైలోనే ఉద్యోగం చేస్తోంది. పూండి నీళ్ళు చోళవరం, పుళల్ లాంటి చెరువుల మీదుగా నగరానికి వెళతాయి. కుళాయి వెనక ఇంత నేల, ఇంతమంది సమ్మతి ఉన్నాయని గట్టు మీద నడిచినప్పుడే మనసుకు ఎక్కింది.

పూండి దాటాక అదే దారిలో దిగి లోపలికి వెళితే గుడియం అనే ఊరు. ఆ ఊరు దాటి ముళ్ళపొదల అడవిలో ఎర్రమట్టి కాలిబాటన కొండల్లోకి నడవాలి. అది రిజర్వు అడవి కాబట్టి అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, తోడుగా ఊరి మనిషి ఉండాలి. కాళ్ళ కింద గుండ్రటి గులకరాళ్ళు దొర్లుతుంటాయి. ఎప్పుడో నదులు తెచ్చి పోసిన రాళ్ళవి. కొండ చరియల్లో కూడా అవే గుచ్చినట్టు కనిపిస్తాయి. దారి చివర రాతిపడగ కింద పెద్ద గుహ, పైకప్పుకు తేనెపట్టులు, లోపల ఊరివాళ్ళు కొలిచే అమ్మవారు. తేనెటీగలున్న చోట గట్టిగా మాట్లాడకూడదు, పొగ పెట్టకూడదు. ఈ చుట్టుపక్కలే 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అత్తిరంపాక్కం దగ్గర రాతిగొడ్డళ్ళు కనుక్కున్నారు. శాంతి పప్పు బృందం అక్కడ తవ్వి, ఆ పనిముట్లలో పాతవి దాదాపు పదిహేను లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేల్చింది. ఈ నేలను ఇరుపక్కలా మాదంటే మాదని కొట్లాడుకున్న కాలం ఆ లక్షల ఏళ్ళ ముందు ఎంత! ఆ రాళ్ళు చూడాలంటే పూండిలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

సాయంత్రం తిరిగి రాకుండా ముందుకే పోయే బస్సెక్కితే ఊత్తుకోట. అక్కణ్ణించి ఆరణి ఏరు దగ్గర సరిహద్దు దాటి కాస్త దూరం నడిస్తే మన సురుటుపల్లి. శివుడు పార్వతి ఒడిలో తల పెట్టి పడుకున్న గుడి. తమిళనాట బస్సు దిగి, ఆంధ్రలో దండం పెట్టుకుని, నాగలాపురం వైపు వెళ్ళే మన బస్సు ఎక్కొచ్చు. కారులో వచ్చి ఉంటే పూండిలో ఆపిన బండి మమ్మల్ని వెనక్కి లాగేది.

చివరిది ఏరు కలిసే చోటు, దానికి ఉత్తరాన ఉన్న పులికాట్ నుంచి మొదలుపెట్టి. పొన్నేరి నుంచి బస్సు పులికాట్ ఊళ్ళో దించుతుంది. 1613లో డచ్చివాళ్ళు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. కోట శిథిలమైపోయింది గానీ, గుమ్మానికి అస్థిపంజరాల బొమ్మలున్న వాళ్ళ సమాధుల తోట నిలిచే ఉంది. ఊరి పక్కనే పులికాట్ సరస్సు. చిలికా తరవాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలోనే. స.వెం.రమేశ్ ప్రళయకావేరి కథలు చదివినవాళ్ళకు ఈ సరస్సులోని దీవుల బతుకూ ఇక్కడి తెలుగూ తెలిసే ఉంటాయి. శీతాకాలం ఉదయాన రాజహంసలు లోతు లేని నీళ్ళలో బారులు తీరి మేస్తాయి. వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం చేరితే ఒక పక్క సరస్సు, ఇంకో పక్క సముద్రం.

ఆ ఇసుక నేలే దక్షిణానికి సాగితే కాట్టుపల్లి. అక్కడికి మీంజూరు నుంచి బస్సు. కిటికీలోంచి కరెంటు కార్ఖానా పొగగొట్టాలు, బొగ్గు బెల్టులు, 2010లో మొదలైన సముద్రపు నీటి శుద్ధి కేంద్రం కనిపిస్తాయి. కాట్టుపల్లి ఓడరేవును కట్టింది ఎల్ అండ్ టీ, 2018 నుంచి అది అదానీల చేతిలో ఉంది. దాన్ని 330 ఎకరాల నుంచి 6,110 ఎకరాలకు పెంచాలన్న ప్రతిపాదన మీద జాలర్లు ఏళ్ళుగా పోరాడుతున్నారు. 2021లోనూ 2023లోనూ పెట్టాలనుకున్న బహిరంగ విచారణలు జరగకుండా ఆగిపోయాయి. నగరానికి ఓడరేవూ కావాలి, కరెంటూ కావాలి, కాదనను. కానీ కొండ నుంచి ఆ ఏటి వెంట వచ్చినదాన్ని కాబట్టి నాకు ఒకటి స్పష్టంగా కనబడింది. ఇది ఖాళీ జాగా కాదు. తిరుత్తణిలో పడిన వాన సముద్రంలోకి వెళ్ళే ద్వారం. రొయ్యపిల్ల ఏట్లోకి వచ్చి పెరిగే చోటు. వరద వచ్చినప్పుడు చెన్నై ఉత్తరపు ఊళ్ళ నీళ్ళు దిగిపోయే దారి. కాగితం మీద ఎకరాలుగా కనబడే నేల కాలి కింద ఇలా కనబడుతుంది. దాన్ని చూసినవాళ్ళు ఎంతమంది ఉంటే దాని తరఫున మాట్లాడేవాళ్ళు అంతమంది ఉంటారు. జాలర్లు ఒంటరిగా మిగిలిపోవడానికి ఒక కారణం, మనలో చాలామంది అక్కడ ఎప్పుడూ బస్సు దిగకపోవడమే.

స్విట్జర్లాండ్ ధనిక దేశం కాబట్టి అక్కడ నడకదారులున్నాయని చాలామంది అంటారు. బస్సు మనకూ ఉంది, టికెట్టు కూడా వాళ్ళకంటే ఎంతో చవక. కొండ ఉంది, చెరువు ఉంది, కాలిబాట ఉంది. లేనిది స్టాపు దగ్గర ఒక బోర్డు. ఏ దారి ఎక్కడికి పోతుంది, నడవడానికి ఎంతసేపు పడుతుంది, తిరుగు బస్సు ఎప్పుడు, అనుమతి ఎక్కడ అడగాలి. తమిళంలోనూ తెలుగులోనూ ఈ నాలుగు ముక్కలు రాసి ఉంటే, తోడు లేని ఆడపిల్ల అయినా, రిటైరైన మాస్టారైనా ధైర్యంగా బయలుదేరతారు. ఆ దేశంలో దీన్ని మొదలుపెట్టినవాడు బడిపంతులే. మన బడుల్లో అలాంటి పంతుళ్ళకు కొదవ లేదు.

మా ఊళ్ళ నుంచి బయటి దేశాలకు వెళ్ళినవాళ్ళం ఊరి కోసం ఏదైనా చెయ్యాలని ఏటా డబ్బులు వేసుకుంటాం. స్వాగత ద్వారాలు కట్టించాం, గుళ్ళకు రంగులు వేయించాం. ఈసారి ఆ డబ్బులో కొంత ఈ బోర్డులకు ఇవ్వాలని మా బంధువర్గంలో అడుగుతున్నాను. తిరుత్తణి మెట్ల మొదట్లో, పూండి గట్టు దగ్గర, గుడియం ఊరి మొదట్లో, సురుటుపల్లి వంతెన దగ్గర, పులికాట్ బస్టాండులో, కాట్టుపల్లి స్టాపులో ఒక్కొక్కటి. పంచాయతీల, అటవీశాఖ అనుమతులకు అర్జీలు రాయడానికి మా చెల్లెలు ఒప్పుకుంది. వానలు వెనక్కి తగ్గి చెరువులు నిండి ఉండే జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ నడకలకు మంచి కాలం. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్ళు కారు మాట్లాడుకునే ముందు ఒక్క రోజు బస్సుకు ఇవ్వండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎటు పోతాయో వాళ్ళ కాళ్ళతో వాళ్ళనే తెలుసుకోనివ్వండి.