డ్రమ్ము లేని పాట

స్కోఫీల్డ్స్‌లో మా వీధంతా కొత్త ఇళ్ళే. మూల మీది ఇల్లు మాత్రం ఇక్కడ పొలాలున్న రోజుల నాటిది. పోయిన మే నెలలో ఆ ఇంటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, పాత సామాను గరాజ్‌లో పరిచి అమ్మకానికి పెట్టాడు. మా ఆవిడ పూలకుండీల కోసం వెళ్ళింది. వాటిని మోయడానికి నేనూ వెళ్ళాను.

ఓ పెట్టెలో రికార్డులున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే పెద్దాయన, "టల్లీ! వాళ్ళు మీ మెహెర్ బాబా భక్తులు" అన్నాడు. మన హైదరాబాదులో టల్లీ అంటే తాగి తూలేవాడు కదా, నవ్వొచ్చింది. కానీ రెండో పేరు వినగానే కొవ్వూరు గుర్తొచ్చింది. ప్లేయరుతో సహా కొనేశాను.

టల్లీ 1968లో సిడ్నీలో పుట్టిన బృందం. రాక్, జాజ్, శాస్త్రీయ సంగీతం కలిపి ప్రయోగాలు చేశారు. 1969లో కింగ్స్ క్రాస్‌లో ఆడిన 'హెయిర్' నాటకానికి వాయించింది వీళ్ళే. 1970లో పీటర్ స్కల్‌థోర్ప్ రాసిన 'లవ్ 200'ను సిడ్నీ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు.

అంత పేరొచ్చాక ఎవరైనా చప్పుడు పెంచుతారు. వీళ్ళు తగ్గించారు. రిచర్డ్ లాక్‌వుడ్, మైకేల్ కార్లోస్ మెహెర్ బాబా బాట పట్టారు. గాయకుడూ డ్రమ్మరూ వెళ్ళిపోయారు. ఎక్స్‌ట్రడిషన్ అనే జానపద బృందం నుంచి ఇద్దరు వచ్చి చేరారు గానీ, డ్రమ్మరు చోటు ఖాళీగానే ఉండిపోయింది. 1971లో 'సీ ఆఫ్ జాయ్', 1972లో 'లవింగ్ ఈజ్ హార్డ్'. అంతటితో సరి. కార్లోస్ తర్వాత సిడ్నీలోనే తయారైన ఫెయిర్‌లైట్ సంగీత కంప్యూటరుకి సాఫ్ట్‌వేర్ రాశాడు. చివరికి మా జాతిలోనే కలిశాడన్నమాట!

మా అమ్మమ్మగారిది కొవ్వూరు. 1954లో బాబా ఆంధ్రాకి వచ్చినప్పుడు తాతయ్య చూశాడట. బాబా 1925 జులై 10న మౌనం పట్టి, 1969లో పోయేదాకా వీడలేదు. ఏటా ఆ రోజున భక్తులూ మౌనంగా ఉంటారు. తాతయ్య పలక పక్కన పెట్టుకుని కూర్చునేవాడు.

2006లో నాకు ఇక్కడ మొదటి ఉద్యోగం వచ్చింది. తేదీ చూసుకోకుండా ఫోన్ కార్డు గీకి కొవ్వూరు చేశాను. అమ్మ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"తాతయ్యా, ఉద్యోగం వచ్చింది!"

ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు.

"ఒక్క మాటంటే మీ బాబా ఏమైనా అనుకుంటారా?" అని విసుక్కున్నాను.

"పలక మీద ఏదో రాస్తున్నాడురా..." అని అమ్మ అంటుండగానే కార్డు అయిపోయింది. మళ్ళీ చేద్దాంలే అనుకున్నాను. ఆగస్టులో తాతయ్య పోయాడు. పలక మీద ఏం రాశాడో అమ్మకి గుర్తులేదు.

రికార్డు కొన్న రాత్రే విన్నాను. డ్రమ్ము ఎప్పుడొస్తుందా అని కాసేపు ఎదురు చూశాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. ఖాళీ అనుకున్న చోట వేణువు ఊపిరి వినపడింది. ఆ రోజు ఫోన్లో నేను విన్నది కూడా జవాబేనేమో!

ఈ జులై 10న సెలవు పెట్టి మౌనంగా ఉన్నాను. "ఏమైంది నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. ఫ్రిజ్ మీది బోర్డు మీద, "తాతయ్యతో మాట్లాడుతున్నాను" అని రాశాను. వాడికి తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి చెప్పింది.